అప్‌గ్రేడ్ అయ్యాక కాటా కాడ లారీలు నిలబడిపోతుంటే ఎక్కడ చూడాలి

ఎర్రగుంట్ల, చిలమకూరు, తాడిపత్రి, కొలిమిగుండ్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో లారీ గేటు దాటిన దగ్గర్నుంచి ఇన్వాయిస్ డ్రైవరు చేతికొచ్చేదాకా నడిపేది ఆటోమేషన్ సాఫ్ట్‌వేరే. గేటులో టోకెను, కాటా మీద ఖాళీ బరువు, ప్యాకర్ (బస్తాలు నింపే మిషను) దగ్గర లోడింగు, మళ్లీ కాటా, ఈవే బిల్లు, గేట్ పాస్. వీటి వెనక ఒక అప్లికేషన్ సర్వరు, ఒక డేటాబేసు, వేళకు వాటంతటవే నడిచే పనులను, అంటే జాబులను, నడిపే ఇంజను, గేట్ల దగ్గరా కాటాల దగ్గరా ఉండే పీసీల్లో ఏజెంట్లు అనే చిన్న చిన్న ప్రోగ్రాములు. ఈ సరంజామాను కొత్త వెర్షనుకు మార్చిన మర్నాడు పొద్దున 'ఏ' షిఫ్టు నుంచి ఫోను వస్తుంది: "అన్నా, అప్‌గ్రేడు చేసినకాడ్నుంచి మొత్తం స్లో అయిపాయ."

మొత్తం స్లో కావడమనేది చాలా అరుదు. ఏదో ఒకచోట పని ఆగి దేనికోసమో కాచుకొని ఉంటుంది, దాని వెనక మిగతావన్నీ వరస కడతాయి. కొత్త వెర్షనే బాగాలేదని వెంటనే తేల్చేసేవాళ్లున్నారు. నా లెక్కలో కొత్త కోడుది తప్పు కావడం తక్కువ. ఇన్‌స్టాలరు చెరిపేసిన పాత సెట్టింగులు, ఆపి మళ్లీ మొదలుపెట్టని జాబులు, ఎవరూ గుర్తుపెట్టుకోని స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి సర్వరు ఎలా ఉందో పట్టి ఉంచేవి), ఇవే ఎక్కువ.

అందుకే ఫోనులోనే నాలుగు విషయాలు రాబట్టాలి. రెండు కాటాల్లోనూ ఇంతేనా, ఒకదానిలోనేనా? పొద్దున మొదటి లారీకేనా, ప్రతి లారీకీనా? ఎన్ని గంటలకు ఎక్కువ? ఇంకా ముఖ్యంగా, స్క్రీను మీద బరువు పడటానికే ఆలస్యమా, పడ్డ బరువు సేవ్ కావడానికా, సేవ్ అయ్యాక స్లిప్పు ప్రింటుకా? ఆపరేటరుకు మూడూ ఒకటే స్లో. మనకు మాత్రం మొదటిది ఏజెంటు, రెండోది డేటాబేసు, మూడోది ప్రింట్ సర్వరు లేదా ఈవే బిల్లు కోసం బయటికెళ్లే కాల్.

ఇంకో మాట. ఫోను రాగానే సర్వరును రీస్టార్ట్ కొట్టొద్దు. కొడితే డేటాబేసు అప్పటిదాకా పోగేసిన వెయిట్ లెక్కలు (బరువు కాదు, దేనికోసం ఎంతసేపు కాచుకుందన్న లెక్కలు) సున్నా అవుతాయి, మెమరీలో ఉన్న ప్లాన్లు (డేటా కోసం అడిగే ఒక్కో క్వెరీకి ఏ దారిన వెళ్లాలన్న నిర్ణయాలు) పోతాయి, కాష్ (చేతికందేలా మెమరీలో పెట్టుకున్న డేటా) ఖాళీ అయ్యి మొదటి అరగంట ఇంకా నెమ్మదిస్తుంది. ఒక్కోసారి రీస్టార్టుతో బాగైనట్టే కనబడి మధ్యాహ్నానికి మళ్లీ మొదలవుతుంది. ముందు లెక్కలు తీసి పెట్టుకుంటే అప్పుడు రీస్టార్ట్ చేసినా నష్టం లేదు.

ముందు కాలం కొలవాలి

గేటు పీసీలో బ్రౌజరు తెరిచి ఎఫ్ 12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబులో ఆ స్లో స్క్రీనును ఒకసారి నడిపించండి. ఎక్కువ సమయం తీసుకున్న లైను మీద క్లిక్ చేస్తే టైమింగు విడివిడిగా చూపిస్తుంది. ఏడు సెకన్లలో ఆరు సెకన్లు సర్వరు జవాబు కోసం ఎదురుచూపే అయితే జబ్బు సర్వరు వైపు ఉంది. డౌన్‌లోడుకే ఎక్కువ పడితే నెట్‌వర్కో, పేజీ బరువో. అన్నీ వచ్చేసినా స్క్రీను కదలకపోతే ఆ పీసీదే తప్పు. 4 జీబీ ర్యాముతో గేటు గదిలో దుమ్ము తింటున్న పాత పీసీకి కొత్త వెర్షన్ స్క్రీన్లు భారమే. ఆ ఒక్క పీసీ మార్చి చూస్తే తేలిపోతుంది.

జబ్బు సర్వరు వైపని తేలితే అక్కడ రిసోర్స్ మానిటర్ తెరవండి. సీపీయూ, డిస్కు, మెమరీ మూడింటిలో ఏదో ఒకటి నిండుగా ఉంటే దారి దొరికినట్టే. మూడూ ఖాళీగా ఉండి కూడా స్క్రీను నెమ్మదిగా ఉందంటే ఏదో ప్రాసెస్ నిద్రపోతూ కాచుకుంటోంది: లాకు (ఒకరు మారుస్తున్న డేటాను ఇంకొకరు ముట్టకుండా వేసే తాళం) కోసమో, డీఎన్ఎస్ (మిషను పేరు చెబితే ఐపీ అడ్రసు చెప్పేది) జవాబు కోసమో, ఎవరూ పలకని ఐపీ అడ్రసు కోసమో. ఇక్కడ గుర్తుంచుకోదగ్గ గుర్తు ఒకటుంది. ఆలస్యం ప్రతిసారీ ఒకే గుండ్రటి అంకె అయితే, అంటే కచ్చితంగా 5 సెకన్లో, 15 సెకన్లో, 30 సెకన్లో పడుతుంటే, అది పని భారం కాదు. ఎక్కడో టైమవుట్, అంటే జవాబు రాక గడువు తీరేదాకా కాచుకోవడం. భారంతో వచ్చే ఆలస్యం ఒకసారి 3 అయితే ఇంకోసారి 11 ఉంటుంది, లారీల రద్దీతో పాటు పెరుగుతుంది.

డేటాబేసు దగ్గర

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చాలా ప్లాంట్లలో వెనక ఉండేది మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేసు ఎస్‌క్యూఎల్ సర్వరు కాబట్టి దాని గురించే చెబుతాను.

మొదట వెయిట్ స్టాట్స్. డీఎం ఓఎస్ వెయిట్ స్టాట్స్ అనే వ్యూలో ఏ రకం ఎదురుచూపు ఎన్ని మిల్లీసెకన్లు అయ్యిందో ఉంటుంది. అది సర్వీసు మొదలైనప్పటి నుంచి కూడుకుంటూ వచ్చే లెక్క, అందువల్ల ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు. రద్దీ సమయంలో ఒకసారి తీసి టేబుల్లో దాచి, 10 నిమిషాలకు ఇంకోసారి తీసి, తేడా చూడాలి. పేజ్ ఐఓ ల్యాచ్ పైన ఉంటే డేటా మెమరీలో దొరక్క డిస్కు నుంచి చదువుతోంది. రైట్ లాగ్ పైన ఉంటే ట్రాన్సాక్షన్ లాగ్ (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే ఫైలు) రాసే డిస్కు నెమ్మది. ఎల్‌సీకేతో మొదలయ్యేవి ఉంటే ఒకరి లాకు కోసం ఇంకొకరు నిలబడ్డారు. రిసోర్స్ సెమఫోర్ కనబడితే పెద్ద క్వెరీలు మెమరీ గ్రాంటు కోసం క్యూలో ఉన్నాయి. ఏసింక్ నెట్‌వర్క్ ఐఓ అయితే డేటాబేసు పని ముగించింది, అప్లికేషనే వరసలు తీసుకోవడంలో ఆలస్యం చేస్తోంది. అప్పుడు డేటాబేసును ఎంత ట్యూన్ చేసినా లాభం లేదు.

పేజ్ ఐఓ ల్యాచ్ ఎక్కువగా ఉందంటే డిస్కు మార్చాలని కాదు. చదవనక్కర్లేని డేటా చదువుతోందేమో ముందు చూడాలి. అప్‌గ్రేడు తర్వాత ఇలా జరగడానికి పేరుమోసిన కారణాలు మూడు.

ఒకటి, స్టాటిస్టిక్స్. క్వెరీకి ఏ దారిన వెళ్లాలో ఆప్టిమైజరు నిర్ణయించేది టేబుల్లో ఎన్ని వరసలున్నాయి, ఏ విలువలు ఎన్నిసార్లున్నాయి అన్న అంచనాతోనే. అప్‌గ్రేడు స్క్రిప్టు లక్షల వరసలను కొత్త టేబుళ్లలోకి మార్చాక పాత అంచనాతోనే ప్లాను వేస్తే, పోయినేడు తిరునాళ్లకు వచ్చినోళ్ల లెక్కతో ఈ ఏడు అన్నం వండినట్టుంటుంది. ఎస్‌పీ అప్‌డేట్ స్టాట్స్ ఒకసారి నడపండి. టోకెన్లు, బరువులు, జాబ్ హిస్టరీ లాంటి పెద్ద టేబుళ్లకు మాత్రం విడిగా అప్‌డేట్ స్టాటిస్టిక్స్, ఫుల్ స్కాన్‌తో నడపాలి, ఎందుకంటే మామూలుగా అది కొన్ని పేజీల శాంపిలే చూస్తుంది. సీ షిఫ్టులో, అంటే రాత్రి, లారీలు పల్చబడ్డాక పెట్టుకోండి. ఇది చేయడం వల్ల చెడేది ఏమీ లేదు, అందుకే అన్నిటికంటే ముందు ఇదే చేస్తాను.

రెండు, కంపాటిబిలిటీ లెవెల్, అంటే డేటాబేసు ఏ వెర్షన్ తీరులో నడవాలో చెప్పే అంకె. సాఫ్ట్‌వేరుతో పాటు ఎస్‌క్యూఎల్ సర్వరును కూడా మార్చి ఉంటే ఇది చూడాల్సిందే. 2012 వెర్షనుకు ఈ లెవెల్ 110, 2014కు 120, 2016కు 130, 2019కి 150, 2022కు 160. 120తో వరసల అంచనా కట్టే పద్ధతే మారింది. పాత డేటాబేసును కొత్త సర్వరులో రీస్టోర్ చేస్తే పాత లెవెలే ఉంటుంది, కానీ కొందరు ఇంజనీర్లు అప్‌గ్రేడు రోజే దాన్ని పైకి లేపేస్తారు. అప్పటిదాకా అర సెకనులో వచ్చే రిపోర్టు రెండు నిమిషాలు పడుతుంది. సరైన వరస ఇది: పాత లెవెల్లోనే ఉంచి, క్వెరీ స్టోర్ (ఏ క్వెరీ ఏ ప్లానుతో ఎంతసేపు నడిచిందో దాచిపెట్టే సదుపాయం) ఆన్ చేసి, నెలాఖరు రద్దీ కూడా కలిసేటట్టు కొన్నాళ్లు మామూలు పని నడవనిచ్చి, ఆ తర్వాత లెవెల్ పెంచాలి. పెంచాక రిగ్రెస్డ్ క్వెరీస్ రిపోర్టులో ఏ క్వెరీ దిగజారిందో కనబడుతుంది, దానికి పాత ప్లానును ఫోర్స్ చేయొచ్చు. ఇప్పటికే పెంచేసి ఇబ్బంది పడుతుంటే, ఆ డేటాబేసు ఒక్కదానికి లెగసీ కార్డినాలిటీ ఎస్టిమేషన్ (వరసల అంచనాకు పాత పద్ధతి) ఆన్ చేయడం తాత్కాలిక ఉపశమనం. 2016 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది. క్వెరీ స్టోర్ 2022 వెర్షన్ నుంచి, అది కూడా కొత్తగా సృష్టించిన డేటాబేసులకే తనంతట తాను ఆన్ అవుతుంది, పాతది రీస్టోర్ చేస్తే మీరే ఆన్ చేయాలి.

మూడు, మాయమైన ఇండెక్సులు (టేబుల్లో వెతుకులాటను వేగం చేసే సూచికలు). ప్లాంటులో ఎవరో పుణ్యాత్ముడు ఎన్నడో స్లో రిపోర్టు కోసం సొంతంగా రెండు ఇండెక్సులు వేసి ఉంటాడు, ఎక్కడా రాసి ఉండడు. అప్‌గ్రేడు స్క్రిప్టు ఆ టేబుల్‌ను పడగొట్టి కొత్తగా కడుతుంది, వెండరుకు తెలిసిన ఇండెక్సులే వేస్తుంది. అప్‌గ్రేడుకు ముందు తీసిన బ్యాకప్పును వేరే పేరుతో రీస్టోర్ చేసి, రెండింటిలో సిస్ ఇండెక్సెస్ పక్కపక్కన పెట్టి పోల్చితే తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ బ్యాకప్పు ఉండగానే ఈ పని చేయండి.

ఇండెక్సు ఉండి కూడా వాడని సందర్భమొకటి ఉంది, దాన్ని పట్టుకోవడం కష్టం. జావాలో రాసిన సాఫ్ట్‌వేరైతే, దాన్ని డేటాబేసుతో మాట్లాడించే మైక్రోసాఫ్ట్ జేడీబీసీ డ్రైవరు అక్షరాలన్నిటినీ యూనికోడుగానే (అన్ని భాషల లిపులకూ సరిపోయే రూపంలో) పంపుతుంది. లారీ నంబరు కాలమ్ మామూలు వార్‌చార్ (యూనికోడు కాని అక్షర రకం) అయితే ఎస్‌క్యూఎల్ సర్వరు ప్రతి వరసనూ యూనికోడుకు మార్చి పోల్చుకుంటుంది, ఎస్‌క్యూఎల్ కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమాల రకం) ఉన్నచోట ఇండెక్సులో నేరుగా దిగడం మానేసి మొత్తం స్కాన్ చేస్తుంది. దీన్ని ఆపడానికి కనెక్షన్ స్ట్రింగులో సెండ్ స్ట్రింగ్ పారామీటర్స్ యాజ్ యూనికోడ్ అనే దాన్ని ఫాల్స్ చేసి పెట్టి ఉంటారు. అప్‌గ్రేడులో ఆ ఫైలు కొత్తదైపోతుంది, సెట్టింగు ఎగిరిపోతుంది. ఎగ్జిక్యూషన్ ప్లానులో పసుపు రంగు హెచ్చరిక, కన్వర్ట్ ఇంప్లిసిట్ అన్న మాట కనబడితే ఇదే. డేటాలో తెలుగు పేర్లు వార్‌చార్ కాలమ్‌లో ఉండవు కాబట్టి ఫాల్స్ చేస్తే ఇబ్బందేమీ రాదు, కానీ యూనికోడు కాలమ్‌లలోకి తెలుగు పేర్లు పంపే స్క్రీన్లుంటే ముందు టెస్టులో చూసుకోండి.

లారీ నంబరు వెతుకులాటలో మన దగ్గర ఇంకో తిప్పలుంది. ఇదివరకు కడప బండి ఏపీ 04, అనంతపురానిది 02, కర్నూలుది 21. 2019లో రాష్ట్రమంతా కొత్త రిజిస్ట్రేషన్లకు ఒకే కోడు, ఏపీ 39, వచ్చింది. మొదటి అక్షరాలతో వెతికితే ఇప్పుడు కొత్త బండ్లన్నీ ఒకే గుంపులో పడతాయి. గేటులో మనిషి కొట్టేది ఎలాగూ చివరి నాలుగు అంకెలే. కొత్త వెర్షన్లో ఆ వెతుకులాట డిఫాల్టు 'ఎక్కడున్నా సరే' అయితే, ముందు శాతం గుర్తు పెట్టిన లైక్ క్వెరీగా మారుతుంది. దానికి ఏ ఇండెక్సూ పనికిరాదు, వాహనాల టేబుల్ మొత్తం తిరిగి రావాల్సిందే. చివరి నాలుగు అంకెలతో ఒక కంప్యూటెడ్ కాలమ్, దాని మీద ఇండెక్సు, వెతికే స్క్రీను ఆ కాలమ్‌ను వాడేలా వెండరుతో మార్పు: ఇదొక్కటే నికరమైన మందు.

లాకుల సంగతికొస్తే, అప్‌గ్రేడు తర్వాత ఎక్కువగా దొరికే దొంగ పర్జ్ జాబు. అప్‌గ్రేడు రాత్రి ఎస్‌క్యూఎల్ ఏజెంట్ (డేటాబేసులో జాబులు నడిపేది, కాటా ఏజెంటు కాదు) జాబులన్నీ డిజేబుల్ చేస్తారు, తెల్లవారి ముఖ్యమైనవి ఆన్ చేస్తారు, పాత హిస్టరీని చెరిపే జాబును ఎవరూ పట్టించుకోరు. నెలలు గడిచాక ఎవరో చూసి ఒక్కసారిగా నడుపుతారు. లక్షల వరసలు ఒకే డిలీట్‌లో పోతాయి. ఒక స్టేట్‌మెంటు ఒక టేబుల్ మీద సుమారు 5000 లాకులు దాటగానే ఎస్‌క్యూఎల్ సర్వరు వాటిని టేబుల్ లాకుగా మార్చేస్తుంది, అప్పుడు కాటాలో సేవ్ నొక్కిన ఆపరేటరు ఆ డిలీట్ ముగిసేదాకా కూర్చోవాలి. 4000 వరసల చొప్పున లూపులో చెరపండి, మధ్యలో సెకను విరామం ఇవ్వండి. అదే చూపుతో లాగ్ బ్యాకప్ జాబు ఆన్‌లో ఉందో లేదో చూడండి. సిస్ డేటాబేసెస్‌లో లాగ్ రీయూజ్ వెయిట్ అన్నచోట లాగ్ బ్యాకప్ అని ఉండిపోయి, లాగ్ ఫైలు రోజురోజుకూ ఉబ్బుతోందంటే జాబు పడుకున్నట్టే.

మెమరీ విషయం చిన్నదే కానీ మరిచిపోతారు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఎస్‌క్యూఎల్ సర్వరుకు మ్యాక్స్ సర్వర్ మెమరీకి హద్దు లేనట్టే, డిఫాల్టు 2147483647 ఎంబీ. అదే మిషన్లో అప్లికేషను కూడా ఉంటే రెండూ కొట్టుకుంటాయి. 32 జీబీ సర్వరులో రెండూ ఉంటే డేటాబేసుకు 16 దగ్గర కట్టేసి, కొన్నాళ్లు చూసి పెంచుకోవచ్చు. ఖర్చు తగ్గుతుందని ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌కు దించేసిన చోట్ల వేరే వెతకక్కర్లేదు: 2022 వెర్షన్ దాకా డేటాబేసుకు 10 జీబీ, బఫర్ పూల్‌కు (డేటాను పెట్టుకునే మెమరీకి) 1410 ఎంబీ, 4 కోర్లు, అంతే దాని హద్దు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు వాడేవాళ్లకు రెండే మాటలు. దాన్ని కొత్త వెర్షనుకు మార్చే పీజీ అప్‌గ్రేడ్ పాత స్టాటిస్టిక్స్‌ను మోసుకురాదు, 18వ వెర్షన్ నుంచే తెస్తుంది. అందుకని ముగిసిన వెంటనే వ్యాక్యూమ్‌డీబీతో ఎనలైజ్ ఇన్ స్టేజెస్ నడపాలి. కాన్ఫిగరేషన్ ఫైలు కూడా రాదు. షేర్డ్ బఫర్స్ మళ్లీ 128 ఎంబీ, వర్క్ మెమ్ 4 ఎంబీ దగ్గర కూర్చుంటాయి, పాత ఫైలులోని విలువలు చేత్తో ఎత్తి రాయాలి.

డిస్కు కింద దాగినవి

డేటాబేసు సక్రమంగా ఉండి రైట్ లాగ్ మాత్రం దిగకపోతే కిందికి దిగాలి. ఫైలువారీగా ఒక్కో చదువుకు, ఒక్కో రాతకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో డీఎం ఐఓ వర్చువల్ ఫైల్ స్టాట్స్‌లో లెక్కకట్టొచ్చు. లాగ్ రాత 5 మిల్లీసెకన్లలోపు, డేటా చదువు 20లోపు ఉంటే ఫర్వాలేదు. లాగ్ 30, 40 చూపిస్తుంటే రెండు చోట్ల చూడండి.

మొదటిది, సర్వరు వర్చువల్ మిషను (వీఎం) అయితే, వీఎంవేర్ స్నాప్‌షాట్. అప్‌గ్రేడుకు ముందు భద్రత కోసం తీస్తారు, మంచిదే. విజయవంతమైందని అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు, స్నాప్‌షాట్ అక్కడే ఉంటుంది. ఆ క్షణం నుంచి ప్రతి రాతా వేరే డెల్టా ఫైలులోకి వెళుతుంది, చదవాలంటే రెండు చోట్లా వెతకాలి. రోజులు గడిచేకొద్దీ భారం పెరుగుతుంది. 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ వాళ్లే చెబుతారు. ఇప్పుడు తీసేద్దామంటే ఆ డెల్టా అంతా అసలు డిస్కులో కలవాలి, కలిసేటప్పుడు డిస్కు ఇంకా బిజీ అవుతుంది, చివర్లో వీఎం కొన్ని క్షణాలు ఆగిపోతుంది కూడా. కాబట్టి డిస్పాచ్ తక్కువ ఉండే వేళ చూసుకొని, డేటాస్టోరులో ఖాళీ ఉందని నిర్ధారించుకొని, స్నాప్‌షాట్ మేనేజరు నుంచే తీయాలి. డేటాస్టోరులోకి వెళ్లి డెల్టా ఫైళ్లను చేత్తో చెరిపితే డేటాబేసు పోయినట్టే.

రెండోది ర్యాయిడ్ కార్డు (డిస్కులన్నిటినీ కలిపి నడిపే కార్డు) మీది బ్యాటరీ. మన ఎండలకు సర్వరు గదిలో ఏసీ సరిగా లేనిచోట ఇది మామూలే. కార్డులో రాతలను ముందు తన కాష్‌లో పెట్టుకొని 'అయిపోయింది' అని జవాబిచ్చే పద్ధతిని రైట్ బ్యాక్ అంటారు. కరెంటు పోయినా ఆ కాష్‌ను కాపాడేది బ్యాటరీ. అప్‌గ్రేడు కోసం సర్వరును గంటల తరబడి ఆపి లేపినప్పుడు, ముసలిదైన బ్యాటరీ ఛార్జి నిలపలేక ఫెయిల్ అంటుంది, కార్డు తనంతట తానే రైట్ త్రూకు మారిపోతుంది. అప్పట్నుంచి ప్రతి రాతా తిరిగే డిస్కు దాకా వెళ్లి రావాలి. అప్‌గ్రేడుకూ దీనికీ సంబంధం లేదు, కానీ తారీఖు ఒకటే కావడంతో నింద సాఫ్ట్‌వేరు మీద పడుతుంది. స్టోర్ సీఎల్ఐ అనే టూలుతో వర్చువల్ డ్రైవు వివరాలు తీసి, కాష్ గడిలో డబ్ల్యూబీ (రైట్ బ్యాక్) ఉందా డబ్ల్యూటీ (రైట్ త్రూ) ఉందా చూడండి. డబ్ల్యూటీ ఉంటే బ్యాటరీ స్టేటస్ చూడండి. కొత్తదానికి ఆర్డరు పెట్టి, వచ్చేదాకా ఓర్చుకోవాలి. బ్యాటరీ లేకున్నా రైట్ బ్యాక్‌లోనే ఉండమని బలవంతం చేసే ఆప్షను కూడా ఉంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఆ జూదం వద్దు.

ఇంటర్నెట్ లేని సర్వర్ల జబ్బు

ఈవే బిల్లు కాల్ లాంటి అనుమతి ఉన్నవి తప్ప ప్లాంటు నెట్‌వర్కుకు బయటి ఇంటర్నెట్ ఉండదు, ఉండకూడదు కూడా. పాత వెర్షన్ దీనితో హాయిగా బతికింది. కొత్త వెర్షన్ ఫైళ్లన్నీ డిజిటల్ సంతకంతో వస్తాయి, ఏజెంట్లు సర్వరుతో టీఎల్ఎస్‌లో (సర్టిఫికెట్లతో నడిచే భద్రమైన పద్ధతిలో) మాట్లాడతాయి. ప్రతి సర్టిఫికెట్టూ రద్దయిందేమో చూడటానికి విండోస్ బయటి అడ్రసుకు వెళ్లబోతుంది. ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్టును చప్పుడు చేయకుండా పారేస్తుంది. విండోస్ 15 సెకన్లు కాచుకొని వదిలేస్తుంది. సర్వీసు స్టార్ట్ కావడానికి నిమిషాలు, జాబు మొదలయ్యేముందు ప్రతిసారీ ఆగడం, స్క్రీను మొదటిసారి తెరిస్తే 15 సెకన్లు: ఇవన్నీ దీని లక్షణాలు. సీపీయూ మాత్రం రెండు శాతం కూడా దాటదు.

నిర్ధారించుకోవడానికి ఈవెంట్ వ్యూయరులో క్యాపీ 2 ఆపరేషనల్ లాగ్ ఆన్ చేయండి, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. స్లో అయిన క్షణంలో ఎర్ర గుర్తులు, ఏ అడ్రసుకు వెళ్లబోయిందో, ఎంతసేపు కాచుకుందో అక్కడ దొరుకుతాయి. పరిష్కారాల్లో మంచిది, ఆ అడ్రసులకు మాత్రం 80 పోర్టును ప్రాక్సీ ద్వారా తెరవడం. అది కుదరదని భద్రతావాళ్లంటే ఫైర్‌వాల్ రూలును డ్రాప్ నుంచి రిజెక్ట్‌కు మార్చమనండి. దారి లేదని వెంటనే జవాబొస్తే విండోస్ కాచుకోదు, ముందుకు సాగుతుంది. భద్రతలో కూడా ఏమీ తగ్గదు. రద్దు పరిశీలననే ఆపేయమని ఫోరాల్లో దొరికే సలహాను వేరే దారి లేనప్పుడు ఆఖరి మార్గంగానే ఉంచుకోండి.

ఇదే కోవలోది డీఎన్ఎస్. కొత్త సర్వరు ఐపీ సెట్టింగుల్లో మొదటి డీఎన్ఎస్‌గా ఎప్పుడో ఆపేసిన పాత డొమైన్ కంట్రోలరు ఉంటే, ప్రతి కొత్త పేరుకూ ముందు దాన్ని అడిగి, జవాబు రాక రెండోదాని దగ్గరకు వెళుతుంది. లాగిన్లు మాత్రమే స్లో అనే ఫిర్యాదు వస్తే ముందు ఇక్కడ చూడండి.

త్వరగా చూసి ముందుకు వెళ్లాల్సినవి

యాంటీవైరస్ మినహాయింపులు ఫోల్డరు పేరుతో ఉంటాయి. చాలా సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ ఫోల్డరు పేరులోనే వెర్షన్ నంబరు పెడతాయి. పాత నంబరుకు మినహాయింపు అలాగే ఉంటుంది, కొత్త ఫోల్డరులో ప్రతి ఫైలూ స్కాన్ అవుతుంది. డేటాబేసు ఫైళ్లకు, అంటే ఎండీఎఫ్, ఎన్‌డీఎఫ్, ఎల్‌డీఎఫ్‌లకు కూడా మినహాయింపు ఉందో చూడండి.

లాగ్ లెవెల్ చూడండి. వెండరు ఇంజనీరు అప్‌గ్రేడు రాత్రి డీబగ్‌లో పెట్టి పోయి ఉంటాడు. నిమిషానికి లాగ్ ఫైలు ఎన్ని ఎంబీ పెరుగుతోందో చూస్తే తెలిసిపోతుంది.

విండోస్ పవర్ ప్లాను డిఫాల్టుగా బ్యాలెన్స్‌డ్. కొత్త సర్వరులోకి మారి ఉంటే హై పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. వీఎం అయితే వీఎం లోపల కాదు, హోస్టు బయోస్‌లో.

మొదటి లారీకే స్లో అంటే ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వరు)లో అప్లికేషను నడిచే యాప్ పూల్. కొత్తగా సృష్టించిన పూల్ 20 నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రపోతుంది, 1740 నిమిషాలకు, అంటే 29 గంటలకొకసారి తనంతట తానే రీసైకిల్ అవుతుంది. 29 గంటలు కావడంతో ఒకరోజు పొద్దున 6కు, మర్నాడు 11కు, ఆ తర్వాత సాయంత్రం 4కు ఇలా జరుగుతూ పోతుంది, ఎప్పుడు స్లో అవుతుందో ఎవరికీ అంతుపట్టదు. ఐడిల్ టైమవుట్ సున్నా చేసి, స్టార్ట్ మోడ్ ఆల్వేస్ రన్నింగ్ పెట్టి, రీసైకిల్‌ను తెల్లవారి 3 గంటలకు కట్టేయండి.

జావా సర్వీసైతే హీప్ (జావా వాడుకునే మెమరీ) చూడండి. ఇన్‌స్టాలరు పాత ఎక్స్ఎంఎక్స్ (హీప్ గరిష్ఠ హద్దు) విలువను చెరిపేస్తే జావా తనంతట తాను ర్యాములో నాలుగో వంతు తీసుకుంటుంది. 16 జీబీ సర్వరులో ఇది వరకు 8 ఇచ్చి ఉంటే ఇప్పుడు 4 దగ్గర గాలి ఆడక జీసీలోనే, అంటే మెమరీని ఊడ్చుకోవడంలోనే, కాలం గడుపుతుంది.

కాటా ఏజెంటు

బరువు పడటానికే ఆలస్యమైతే డేటాబేసు జోలికి పోనక్కర్లేదు. కాటా ఇండికేటరు నుంచి 9600 బాడ్ వేగంతో 16 అక్షరాల ఒక ఫ్రేము రావడానికి 17 మిల్లీసెకన్లు చాలు, కాబట్టి కేబులు మీద అనుమానం వద్దు. ఆలస్యం చేసేది బరువు నిలకడ కోసం ఏజెంటు కాచుకునే నియమం. వరసగా మూడు రీడింగులు ఒకటైతే చాలనుకున్నది కొత్త వెర్షన్ డిఫాల్టులో పది కావొచ్చు. సెకనుకొకసారి చదివితే ఒక్కో తూకానికి ఏడు సెకన్లు అదనం. లారీకి రెండు తూకాలు. ఇంజను ఆపకుండా నిలబెట్టిన లారీ పది కిలోల మేర ఊగుతూ ఉంటే పది రీడింగులు ఒకటి కావడమే కష్టం, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. సంఖ్యను తగ్గించడం కన్నా ఎన్ని కిలోల తేడాను నిలకడగా ఒప్పుకోవాలో ఆ హద్దును కాటా డివిజనుకు (కాటా చూపగల అతి చిన్న తేడాకు) సరిపెట్టడం మేలు. తూనికల శాఖ ముద్ర వేసిన కాటా కాబట్టి ఇండికేటరు వైపు ఏమీ ముట్టుకోవద్దు, ఏజెంటు వైపే మార్చాలి.

ఏజెంట్లు సర్వరును ఎంతకొకసారి పలకరిస్తాయో కూడా చూడండి. ముప్పై ఏజెంట్లు 60 సెకన్లకొకసారి అడిగితే నిమిషానికి 30 అభ్యర్థనలు. డిఫాల్టు 5 సెకన్లయితే 360. పాత వెర్షన్ ఏజెంట్లు కొన్ని మిగిలిపోయి ఉంటే అవి తిరస్కరణకు గురై మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఇంకా రొద చేస్తాయి. ఏజెంట్ వెర్షన్ల జాబితా తీసి పాతవన్నీ ఒక్కసారే మార్చేయండి.

అప్‌గ్రేడు సందులో డేటాబేసును హైదరాబాదు డేటా సెంటరుకు తరలించి, అప్లికేషన్ సర్వరును ప్లాంటులోనే ఉంచిన చోట్ల మాత్రం పై సెట్టింగులేవీ పని చేయవు. స్క్రీను ఒకసారి తెరవడానికి 180 చిన్న క్వెరీలు వెళతాయనుకోండి. పక్క ర్యాకులో డేటాబేసు ఉన్నప్పుడు ఒక్కోదానికి 1 మిల్లీసెకను, మొత్తం 0.18 సెకను. మధ్యలో లైను పింగు 20 మిల్లీసెకన్లయితే 3.6 సెకన్లు. బ్యాండ్‌విడ్తు ఎంత కొన్నా ఇది తగ్గదు. రెండూ ఒకేచోట ఉండాలి, అంతే.

వెండరుకు టికెట్ వేసేటప్పుడు "స్లోగా ఉంది" అని రాస్తే లాగులు పంపమని జవాబు వస్తుంది, రెండు రోజులు పోతాయి. మొదటి మెయిల్లోనే ఏ స్క్రీను, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా, ముందెంత ఇప్పుడెంత, ఎఫ్ 12 నుంచి సేవ్ చేసిన హెచ్ఏఆర్ ఫైలు, పది నిమిషాల వెయిట్ స్టాట్స్ తేడా, స్లో క్వెరీ ప్లాను, పాత కొత్త బిల్డు నంబర్లు పెట్టండి. హెచ్ఏఆర్ ఫైలులో సెషన్ కుకీలు (మీ లాగిన్ గుర్తులు) ఉండొచ్చు కాబట్టి పంపాక లాగౌట్ అవ్వండి. ఒకేసారి రెండు సెట్టింగులు మార్చొద్దు; ఏది పనిచేసిందో వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు.

వెనక్కి వెళ్లిపోదామనే ఆలోచన మూడో రోజుకల్లా పైవాళ్లకు వస్తుంది. దానికి ముందు ఒకటి చెప్పాలి: కొత్త ఎస్‌క్యూఎల్ సర్వరు వెర్షన్లో తీసిన బ్యాకప్పు పాత వెర్షన్లో రీస్టోర్ కాదు, కంపాటిబిలిటీ లెవెల్ ఎంత తగ్గించినా కాదు. వెనక్కి వెళ్లడమంటే అప్‌గ్రేడుకు ముందరి బ్యాకప్పుకే వెళ్లడం, ఈ మూడు రోజుల తూకాలు, ఇన్వాయిసులు మళ్లీ చేత్తో ఎక్కించడం. ఈవే బిల్లులు అప్పటికే జనరేట్ అయ్యి ఉంటాయి కాబట్టి నంబర్లు సరిపోల్చుకోవడం అకౌంట్స్ వాళ్లకు పెద్ద పని. ఎన్ని గంటలదాకా వెనక్కి రావొచ్చు, ఆ తర్వాత రాకూడదు అన్నది అప్‌గ్రేడు ప్లానులోనే డిస్పాచ్, అకౌంట్స్ ఇద్దరి సంతకంతో రాసి పెట్టుకోండి.